లిట్మస్‌కు ఎదురుచెప్పిన పొద

పిల్లలూ! ఆమ్లంలో ముంచితే నీలి లిట్మస్ కాగితం ఎర్రబడుతుంది. క్షారంలో ముంచితే ఎర్ర లిట్మస్ కాగితం నీలిరంగుకు మారుతుంది. ఈ రెండు వాక్యాలను అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా మీరు చెప్పగలరు. నేనూ పాతికేళ్లకు పైగా ఏటేటా వీటిని నల్లబల్ల మీద రాస్తూనే ఉన్నాను. అయితే ఒకసారి ఒక పూలపొద ముందు నిలబడి, ఈ రెండు వాక్యాలనే నమ్ముకుని, పిల్లలందరికీ తప్పు పాఠం చెప్పాను. ఆ తప్పును పట్టుకున్నది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి. ఆ పొద పేరు హైడ్రాంజియా. దాన్ని ఎలా పెంచాలో, అది రంగు ఎలా మారుస్తుందో, నా తప్పు ఎక్కడ జరిగిందో మూడూ కలిపి ఈ వ్యాసంలో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్ నెలాఖరున, పరీక్షలు ముగిశాక, మా పాఠశాల పిల్లల్ని ఊటీకి విహారయాత్రకు తీసుకెళ్లాం. ఊటీ నీలగిరి కొండల్లో సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మైదానంలో చెమటలు కక్కుతూ బయలుదేరిన వాళ్లం అక్కడ దిగగానే దుప్పట్లు వెతుక్కున్నాం. మేం బస చేసిన ఇంటి వెనుక రెండు పెద్ద పొదలు ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషి ఎత్తు. చేతులు బారచాపినా అందనంత వెడల్పు. పొద నిండా తలకాయంత పూలగుత్తులు. మన నూరువరహాల గుత్తి మీకు తెలుసు కదా! దాన్ని పదింతలు పెంచి బంతిలా గుండ్రంగా చుట్టారనుకోండి, అలా ఉన్నాయి.

వింత ఏమిటంటే, పెరటి చివర మట్టిగట్టు పక్కనున్న పొద ఆకాశమంత నీలంగా పూసింది. ఇంటి గోడను ఆనుకుని ఉన్న పొద మాత్రం గులాబీరంగులో పూసింది. ఆ ఇంటి తోటమాలి తాత నవ్వుతూ, “రెండూ ఒకే తల్లిమొక్క కొమ్మలే. రెండూ నేను నాటినవే” అన్నాడు.

“అయితే రంగు ఎందుకు మారింది మాస్టారూ?” అని పిల్లలు నన్ను చుట్టుముట్టారు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “లిట్మస్ పాఠం మర్చిపోయారా? నీలం పూసిన చోట నేలలో క్షారం ఉంది. గులాబీ పూసిన చోట ఆమ్లం ఉంది” అన్నాను. పిల్లలు బుద్ధిగా నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

రెండు పొట్లాలు

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఆ అమ్మాయి ప్రయోగశాలకు వచ్చింది. చేతిలో రెండు కాగితం పొట్లాలు. ఊటీలో ఆ రెండు పొదల మొదళ్ల దగ్గరి మట్టిని చెరో గుప్పెడు తెచ్చుకుని, నీడలో ఆరబెట్టి దాచిందట. ఒక పొట్లం మీద “నీలం” అనీ, రెండోదాని మీద “గులాబీ” అనీ రాసి ఉంది. స్వేదనజలమూ లిట్మస్ కాగితాలూ కావాలని అడిగింది. ఇచ్చాను.

రెండు గాజు పాత్రల్లో మట్టి వేసి, స్వేదనజలం పోసి, బాగా కలిపి తేరనిచ్చింది. “నీలం” పొట్లం మట్టినీటిలో పెట్టిన నీలి లిట్మస్ ఎర్రబడింది. అంటే ఆమ్లం! “గులాబీ” పొట్లం మట్టినీటిలో లిట్మస్ రంగు మారనే లేదు. నేను ఊటీలో చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

“పొట్లాలు తారుమారు చేసి ఉంటావమ్మా! శాస్త్రం చదివేవాళ్లకు జాగ్రత్త ఉండాలి” అని అందరి ఎదుటా మందలించాను. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుని, “పేర్లు అక్కడే రాశాను మాస్టారూ” అని మాత్రం అని వెళ్లి కూర్చుంది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నాకు మనసు ఊరుకోలేదు. పొట్లాలు మళ్లీ విప్పాను. ఒక్కొక్క పొట్లంలో ఆ పొదకు చెందిన పూరేకు కూడా వేసి ఉంచింది. ఎండినా వాటి రంగు ఇంకా తెలుస్తూనే ఉంది. “నీలం” పొట్లంలో నీలిరేకు. “గులాబీ” పొట్లంలో గులాబీరేకు. తారుమారు అయ్యే అవకాశమే లేదు. కొత్త లిట్మస్ కాగితాలతో పరీక్ష మళ్లీ చేశాను. అదే ఫలితం వచ్చింది. అమ్మాయి ప్రయోగం సరైనదే. నేను చెప్పిన కారణమే తప్పు. అప్పుడు పుస్తకాలు తెరిచాను. అందులో నేర్చుకున్న సంగతులే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

పువ్వు అనుకున్నది పువ్వు కాదు

ముందుగా ఆ “పూరేకు” సంగతి చూద్దాం. మందారపువ్వును మీరు తరగతిలో విప్పి చూశారు. బయట ఆకుపచ్చని రక్షక పత్రాలు, లోపల ఎర్రని ఆకర్షణ పత్రాలు, మధ్యలో కేసరాలు, అండకోశం ఉంటాయి. హైడ్రాంజియా గుత్తిలో మన కంటికి కనిపించే పెద్దపెద్ద రంగు రేకులు ఆకర్షణ పత్రాలు కావు. అవి రక్షక పత్రాలు. వాటి నడుమ ఆవగింజంత ముద్దలా ఉండేదే అసలు పువ్వు. బంతిలాంటి గుత్తుల్లో చాలావరకు పూలు విత్తనం కట్టలేనివి.

అడవిలో సహజంగా పెరిగే హైడ్రాంజియాకు గుత్తి బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో విత్తనం కట్టగల చిన్నచిన్న పూలు, అంచున మాత్రమే పెద్ద రక్షక పత్రాలున్న పూలు ఉంటాయి. అంచు పూలు కీటకాలను పిలిచే జెండాలన్నమాట. ఇటువంటి ఏర్పాటు మనకు కొత్త కాదు. కాగితం పూలచెట్టులో రంగుగా కనిపించేవి పుచ్ఛాలు, ముస్సాండాలో రంగుగా పెరిగేది రక్షక పత్రం. అసలు పూలు వాటి చాటున చిన్నగా ఉంటాయి.

పేరు వెనుక కథ

గ్రీకు భాషలో “హైడోర్” అంటే నీరు, “అంజియాన్” అంటే పాత్ర. ఈ మొక్క కాయ చిన్న నీటికుండ ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. ఈ పేరును మొదట పెట్టింది ఉత్తర అమెరికా జాతి మొక్కకు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో తన గ్రంథంలో ఆ పేరునే చేర్చాడు.

ఊటీలో మేం చూసిన పెద్ద ఆకుల హైడ్రాంజియా స్వస్థలం జపాన్. అక్కడ దీన్ని “అజిసాయి” అంటారు. జూన్, జూలై నెలల్లో వానలు పడుతుండగా పూస్తుంది కనుక జపాన్ వారికి వానాకాలం అంటే ఈ పూలే గుర్తుకొస్తాయి. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు తున్‌బర్గ్ 1775లో జపాన్ వెళ్లి అక్కడి మొక్కలను పరిశీలించాడు. 1784లో ఈ మొక్కను వర్ణిస్తూ, పొరపాటున వైబర్నం అనే మరో ప్రజాతిలో చేర్చాడు. 1830లో సెరింజ్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని హైడ్రాంజియా ప్రజాతిలోకి మార్చాడు. చూశారా! అంత పెద్దవారూ పొరపడ్డారు, తర్వాతివారు సరిదిద్దారు.

జర్మన్ వైద్యుడు సీబోల్డ్ 1823 నుంచి కొన్నేళ్లు నాగసాకిలో ఉన్నాడు. తన జపనీయ భార్య ఒతాకీ పేరు కలిసేలా ఒక హైడ్రాంజియాకు “ఒతాక్సా” అని పేరు పెట్టాడు. నాగసాకి నగరపు పుష్పం నేటికీ హైడ్రాంజియాయే.

రంగు మారే రహస్యం

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఆమ్లంలో లిట్మస్ ఎర్రబడితే, ఆమ్లపు నేలలో ఈ పువ్వు నీలంగా ఎందుకు పూస్తుంది?

నా తప్పు ఎక్కడుందంటే, లిట్మస్ కాగితాన్ని మనం ఆమ్లంలో నేరుగా ముంచుతాం. పువ్వును ఎవరూ మట్టిలో ముంచలేదు! నేలలోని నీరు వేళ్ల గుండా, కాండం గుండా, ఎంతో దూరం ప్రయాణించి పువ్వును చేరుతుంది. పువ్వు కణాల్లోని రసం ఎంత ఆమ్లంగా ఉండాలో ఆ మొక్కే చూసుకుంటుంది. నీలిపువ్వులోనూ, గులాబీపువ్వులోనూ కణరసం ఆమ్లమే. కనుక నేల ఆమ్లం పైకి ఎక్కి పువ్వును “ముంచడం” లేదు. నేల చేసే పని వేరు.

మన కాళ్ల కింది మట్టిలో బోలెడు అల్యూమినియం ఉంది. భూమి పైపొర బరువులో దాదాపు 8 శాతం అల్యూమినియమే. మన వంటపాత్రల లోహమే అది. అయితే మట్టిలో అది బంకమన్నులోని ఖనిజాలలో బంధించబడి ఉంటుంది. నేల తటస్థంగా ఉంటే అది నీటిలో కరగదు, మొక్కకు అందదు. నేల ఆమ్లంగా ఉంటే కొంత అల్యూమినియం అయాన్ల రూపంలో నీటిలోకి వస్తుంది. వేళ్లు ఆ నీటిని పీల్చుకుంటాయి.

హైడ్రాంజియా రేకుల్లో ఆంథోసయనిన్ జాతికి చెందిన ఒక వర్ణకం ఉంటుంది. నీలిరేకులోనూ, గులాబీరేకులోనూ ఉండేది ఒకే వర్ణకం. ఆ వర్ణకం మామూలుగా ఉంటే రేకు గులాబీరంగులో కనిపిస్తుంది. అల్యూమినియం అయాన్ వచ్చి, రేకులోనే ఉండే రంగులేని మరికొన్ని పదార్థాల సాయంతో, ఆ వర్ణకంతో జత కట్టిందంటే రేకు నీలంగా మారుతుంది. అంటే నీలాన్ని తెచ్చేది ఆమ్లం కాదు, అల్యూమినియం. ఆమ్లం చేసేది ఆ అల్యూమినియానికి తలుపు తీయడం మాత్రమే.

ఆమ్లగుణాన్ని కొలిచే పి.హెచ్. స్కేలు గురించి మీరు చదివే ఉంటారు. 7 తటస్థం, అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నేల పి.హెచ్. సుమారు 5.5 కంటే తక్కువగా ఉంటే పూలు నీలం. 6.5 దాటితే గులాబీ. ఈ రెంటి మధ్య ఉంటే ఊదారంగు. ఒక్కొక్కసారి ఒకే పొదమీద రెండు రంగులూ కనిపిస్తాయి. తెల్లరకాల్లో ఈ వర్ణకం ఉండదు కనుక వాటికి అల్యూమినియం ఎంత పెట్టినా నీలం రాదు.

ఇప్పుడు ఊటీ పెరడును తలుచుకోండి. నీలగిరి కొండల్లో వానలు ఎక్కువ. వానలు నేలలోని సున్నపు పదార్థాన్ని కడిగివేస్తాయి. నేల ఆమ్లంగా మారుతుంది. తేయాకుకు కావలసింది అటువంటి నేలే. అందుకే తేయాకు బాగా పండే చోట హైడ్రాంజియా నీలంగా పూయడం సహజం. మరి గోడ పక్క పొద? ఆ గోడకు వేసిన సున్నం, సిమెంటు కొద్దికొద్దిగా వానకు కరిగి మొదట్లోకి దిగింది. అక్కడి ఆమ్లం తగ్గింది. అల్యూమినియానికి తలుపు మూసుకుంది. పూలు గులాబీరంగుకు వచ్చాయి.

మరొక సంగతి. ఆమ్లపు నేలలో కరిగిన అల్యూమినియం చాలా పంటలకు విషం. వేళ్ల కొనలు మాడిపోతాయి. హైడ్రాంజియా మాత్రం దాన్ని తట్టుకుంటుంది. ఎలాగంటే, తన ఆకుల్లో అల్యూమినియాన్ని సిట్రిక్ ఆమ్లంతో కట్టిపడేస్తుంది. నిమ్మకాయ పులుపుకు కారణమైన ఆమ్లమే అది!

ఇదంతా అర్థమైన మర్నాడు, మొదటి గంట మోగగానే ఆ తరగతికి వెళ్లాను. పొట్లాలు బల్లమీద పెట్టి, “ఊటీలో నేను చెప్పింది తప్పు. మీ నోటు పుస్తకాల్లో ఆ వాక్యం కొట్టేయండి. ఈ అమ్మాయి ప్రయోగం సరిగా చేసింది. నేను మందలించడం కూడా తప్పే” అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం లేచి, “మరి అల్యూమినియం పాత్రలో వండిన అన్నం నీలంగా ఎందుకు మారదు మాస్టారూ?” అని అడిగింది. నీలం రావాలంటే అల్యూమినియం ఒక్కటే ఉంటే చాలదనీ, దానితో జత కట్టే ఆ వర్ణకం కూడా ఉండాలనీ చెప్పాను. తెల్లరకం హైడ్రాంజియా నీలంగా మారకపోవడానికీ అదే కారణం కదా!

పెద్ద పొద కావాలంటే

చల్లని కొండప్రాంతంలో ఉన్నవారు, లేదా విదేశాల్లో చల్లని దేశాల్లో బంధువులున్నవారు ఈ భాగం శ్రద్ధగా చదివి వారికి చెప్పండి.

చోటు: ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు మంచిది. పూర్తి నీడలో ఆకులే తప్ప పూలు తక్కువ. పెద్ద చెట్ల మొదట్లో నాటకూడదు. చెట్టు వేళ్లు నీటిని లాగేసుకుంటాయి. పెద్ద ఆకుల హైడ్రాంజియా 1.5 నుంచి 2 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు పెరుగుతుంది. కనుక నాటేటప్పుడు మొక్క చిన్నదిగా ఉందని దగ్గరగా నాటకండి. మొక్కకూ మొక్కకూ మధ్య 2 మీటర్లు వదలండి. ఇంకా పెద్దది కావాలంటే కంకిలా పొడవైన తెల్లని గుత్తులు పూసే జాతి ఒకటి ఉంది. అది 4, 5 మీటర్ల దాకా పెరిగి చిన్న చెట్టులా అవుతుంది.

గుంత: కుండీలోని వేళ్లముద్దకు రెండింతలు వెడల్పుగా గుంత తీయండి. లోతు మాత్రం వేళ్లముద్ద ఎంత ఉందో అంతే చాలు. తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలపండి. నీరు నిలవకూడదు. అలాగని ఎండిపోకూడదు.

నీరు: ఈ మొక్క వేళ్లు పైపొరలోనే జల్లెడలా అల్లుకుంటాయి. ఆకులు మాత్రం అరచేతికంటే పెద్దవి. పెద్ద ఆకు అంటే ఎక్కువ పత్రరంధ్రాలు, ఎక్కువ బాష్పోత్సేకం. అందుకే మట్టి తడిగా ఉన్నా మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడిపోతుంటాయి. వేళ్లు పీల్చే నీటికంటే ఆకులు విడిచే నీరు ఎక్కువైందన్నమాట. వెంటనే బిందె పట్టుకుని పరుగెత్తకండి. వేలు మట్టిలో గుచ్చి చూడండి. తడి ఉంటే సాయంత్రానికి అవే నిలబడతాయి. పొడిగా ఉంటే అప్పుడు పాదు నిండా పోయండి. పాదులో ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, వేళ్లు చల్లగా ఉంటాయి.

ఎరువు: నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి పూలు తగ్గుతాయి. భాస్వరం ఎక్కువైతే అది అల్యూమినియాన్ని మట్టిలోనే బంధించి, నీలిపూలను గులాబీవైపు తిప్పుతుంది. నీలం కావాలనుకునేవారు అల్యూమినియం సల్ఫేటును 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున కలిపి, ముందే తడిసిన మట్టిలో, మొక్క చిగురించే కాలంలో రెండు మూడుసార్లు పోస్తారు. అంతకుమించితే వేళ్లు మాడతాయి. గులాబీరంగు కావాలంటే మట్టిలో కొద్దిగా పొడిసున్నపురాయి కలుపుతారు. రంగు మారడానికి నెలలు పడుతుంది. విచ్చుకున్న పువ్వు మీద రంగు వేసినట్టు రాత్రికి రాత్రి మారదు.

కత్తెర పట్టేముందు

నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటున్నాడు. ఇంటి ముందు హైడ్రాంజియా నాటి, ప్రతి సంవత్సరం ఆకు రాలగానే శుభ్రంగా మొదలంటా కత్తిరించేవాడు. మూడేళ్లపాటు పొద పచ్చగా పెరిగిందే తప్ప ఒక్క పువ్వూ పూయలేదు. “ఎరువు చాలలేదేమో మాస్టారూ” అని ఫోను చేశాడు. లోపం ఎరువులో లేదు, కత్తెరలో ఉంది!

పెద్ద ఆకుల హైడ్రాంజియా వచ్చే ఏటి పూలకు ఈ ఏడే ఏర్పాటు చేసుకుంటుంది. వేసవి వెళ్లి చల్లబడుతుండగా కొమ్మల కొనల్లో పూమొగ్గలు రహస్యంగా ఏర్పడతాయి. చలికాలమంతా నిద్రపోయి, మరుసటి వసంతంలో విచ్చుకుంటాయి. చలికాలంలో కొమ్మను నరికితే పూలనే నరికినట్టు. కనుక పూలు వాడిపోగానే, గుత్తికి దిగువనున్న బలమైన మొగ్గల జతకు పైగా మాత్రమే కత్తిరించాలి. పొద ముసలిదైతే, ఏటా బాగా ముదిరిన కాండాల్లో నాలుగోవంతు మాత్రం మొదలంటా తీసేయాలి. కొత్త కాండాలు వాటి చోటు తీసుకుంటాయి. కంకిలా పూసే జాతి మాత్రం కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది. దాన్ని చలికాలం చివర ధైర్యంగా కత్తిరించవచ్చు. ఏ జాతో తెలుసుకోకుండా కత్తెర పట్టకూడదన్నమాట. నా విద్యార్థి మరుసటి ఏడు కత్తెరను అటక మీద పెట్టాడు. ఆ వేసవిలో పూలు లెక్కపెట్టి పద్నాలుగు గుత్తులని చెప్పాడు.

కొత్త మొక్కలు కూడా కొమ్మతోనే చేయవచ్చు. పూయని లేతకొమ్మను 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు సరిగ్గా కింద కోయాలి. కింది ఆకులు తీసేసి, పై ఆకులను సగానికి కత్తిరించాలి. ఎందుకో చెప్పగలరా? వేళ్లు లేని కొమ్మ నీరు పీల్చలేదు, కాబట్టి ఆవిరయ్యే నీటిని తగ్గించాలి. ఇసుక, ఆకుల ఎరువు కలిపిన కుండీలో నాటి, నీడలో ఉంచి, తేమ ఆరకుండా చూస్తే నాలుగైదు వారాల్లో వేళ్లు వస్తాయి. దీన్నే శాకీయోత్పత్తి అంటారు. విత్తనం ద్వారా కాదు కాబట్టి పిల్లమొక్క అచ్చం తల్లిమొక్కే. తోటమాలి తాత చెప్పిన మాటలోని బలం ఇదే. రెండు పొదల వారసత్వం ఒకటే అయినప్పుడు, రంగులోని తేడాకు కారణం నేలలోనే ఉండాలి కదా!

జాగ్రత్త! ఈ మొక్క ఆకులు, పూమొగ్గలు తింటే విషం. చిన్నపిల్లల్నీ, మేకల్నీ దగ్గరకు రానీయకండి.

మన ఊళ్లో ఎందుకు బతకలేదు?

ఊటీ నుంచి నేను కూడా ఒక కుండీ తెచ్చుకున్నాను. మా ఊరు నల్లరేగడి భూమి. బోరునీరు కాస్తే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. మొక్క వర్షాకాలమంతా బతికింది. దసరా నాటికి ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో, నీటిలో ఇనుము కరగదు. మొక్కకు ఇనుము అందకపోతే పత్రహరితం సరిగా తయారు కాదు. అల్యూమినియానికి మూసుకున్న తలుపే ఇనుముకూ మూసుకుందన్నమాట.

సంక్రాంతి వచ్చినా మొగ్గ తొడగలేదు. పూమొగ్గ ఏర్పడాలంటే ఈ మొక్కకు కొన్ని వారాలపాటు సుమారు 18 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చల్లదనం కావాలి. మా ఊళ్లో తెల్లవారుజామున కాసేపు చలి వేసినా, మధ్యాహ్నానికి మళ్లీ వేడే. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటిన వారంలో ఆకులు కాగితాల్లా ఎండిపోయాయి. రోజుకు మూడుసార్లు నీళ్లు పోసినా నిలబడలేదు. నీరు లేక కాదు, వేళ్లు అందించగలిగిన దానికంటే ఆకులు పోగొట్టుకున్నది ఎక్కువ కనుక.

మనకు చలికాలంలో నర్సరీల్లో పూలతో ఉన్న కుండీలు దొరుకుతుంటాయి. వాటిని నీడలో పెట్టుకుని ఆ కొద్దివారాలు ఆనందించవచ్చు. కాని పెద్ద పొద కావాలనే కోరిక ఉంటే, మన ఎండను ఓర్చే మందారం, నూరువరహాలు, ముస్సాండా నాటండి. చోటు చూసి మొక్కను ఎంచుకోవడమే మంచి తోటమాలి మొదటి పాఠం.

మీరు చేసి చూడండి

1. పది నీలి శంఖుపూలను వేడినీటిలో నానబెట్టి వడకట్టండి. నీలిరంగు నీరు వస్తుంది. మూడు గాజుగ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదానిలో నిమ్మరసం పిండండి. మూడోదానిలో సున్నపుతేట కొద్దిగా పోయండి. నిమ్మరసం వేసినది ఊదాగులాబీ రంగుకూ, సున్నపుతేట పోసినది ఆకుపచ్చ చాయకూ మారుతుంది. ఇక్కడ రంగు పదార్థం ఆమ్లాన్ని నేరుగా తాకింది. హైడ్రాంజియాతో పోల్చి తేడా రాయండి.

2. మీ ఊళ్లో పొలం, చెరువుగట్టు, కొత్త గోడ పక్క అని మూడు చోట్ల మట్టి తెచ్చి, పొట్లాల మీద అక్కడికక్కడే పేర్లు రాయండి. స్వేదనజలంలో కలిపి తేర్చి, ఎర్ర, నీలి లిట్మస్ కాగితాలు రెండింటితోనూ పరీక్షించండి. బోరునీరు వాడితే ఫలితం తప్పుతుంది. ఎందుకో ఆలోచించండి.

3. అదే మట్టి ఒక చెంచా తీసుకుని నిమ్మరసం పోయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు. ఆ నురగలోని వాయువు ఏది?

ప్రయోగం చేశాక ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే, వెంటనే దిద్ది రాయకండి. ముందు పొట్లం విప్పి మళ్లీ చూడండి. రెండోసారి చేయండి. మూడోసారి చేయండి. అప్పటికీ అదే వస్తే మీ మాస్టారి దగ్గరకు తీసుకెళ్లండి. ఆయన మందలించినా సరే, పొట్లం మాత్రం పారేయకండి.

ఆ అమ్మాయి తెచ్చిన రెండు పొట్లాలూ మా ప్రయోగశాల బీరువాలో లిట్మస్ డబ్బా పక్కనే ఇప్పటికీ ఉన్నాయి. ఏటా ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలుపెట్టే రోజున వాటిని బయటికి తీసి, నా తప్పుతోనే పాఠం మొదలుపెడతాను.